తలుపు పట్టుకుని వేలాడదామా!

'మాన్‌స్టర్స్ ఇంక్' సినిమా గుర్తుందా? 2001లో వచ్చింది. కర్మాగారంలో పట్టాలకు వేలాడుతూ తలుపులు దూసుకుపోతుంటే సల్లీ, మైక్, చిన్నారి బూ వాటిని పట్టుకుని ఊగిపోతారు. పిల్లలు ఎన్నిసార్లయినా చూసే సన్నివేశం అది. అచ్చం అలాంటి రోలర్ కోస్టర్‌నే ఆర్లాండోలోని హాలీవుడ్ స్టూడియోస్ పార్కులో కడతామని డిస్నీ 2024లో ప్రకటించింది. పట్టా కింద వేలాడే కోస్టర్ ఆ సంస్థకు ఇదే మొదటిది. 1991 నుంచీ నడిచిన మపెట్ల త్రీడీ ప్రదర్శనను 2025 జూన్‌లో దీనికోసమే మూసేశారు.

ఇక ఊహాగానాలకు కొదవేముంది! వేగమెంత, ఎత్తెంత... అదంతా కుర్రాళ్ల గోల. అమ్మానాన్నల సందేహం వేరు. గేటు దగ్గర కొలబద్ద ఎక్కడుంటుంది? ప్రకటించినప్పుడు ఆ ముక్క చెప్పలేదు మరి. అదే పార్కులో స్లింకీ డాగ్ డాష్ ఎక్కాలంటే పిల్లలు 38 అంగుళాలుంటే చాలు. రాక్ అండ్ రోలర్ కోస్టర్‌కైతే 48 ఉండాల్సిందే. అంటే నాలుగేళ్ల బుడతడు మొదటిది ఎక్కేస్తాడు, రెండోదానికి దాదాపు ఏడేళ్లు వచ్చేదాకా ఆగాలి.

వేలాడే పెట్టెలు సాధారణంగా మలుపుల్లో ఊయలలా పక్కకు ఊగుతాయి కాబట్టి ఒంటికి కుదుపు తక్కువ. పైగా పిల్లల కథ. 40 అంగుళాల దరిదాపుల్లోనే ఉండొచ్చని మా లెక్క. ఇంకా మాటలే సరిగా రాని బూకి మాత్రం అప్పుడూ ప్రవేశం దొరకదు!

ఆర్లాండో వెళ్లే మన కుటుంబాల్లో చంటిదాన్ని ఎత్తుకుని బయట బల్లమీద కూర్చునే పని అమ్మమ్మకో తాతయ్యకో పడుతుంది. వాళ్లు వెంట లేకపోతే అక్కడి సిబ్బందిని 'రైడర్ స్విచ్' అడగండి. నాన్న ఎక్కొచ్చేదాకా అమ్మ పాపతో ఆగుతుంది, తర్వాత మళ్లీ పెద్ద వరసలో నిలబడకుండానే అమ్మా ఎక్కొచ్చు.