మన మాట : హోదాకు ముందు

మనల్ని గురించి చెప్పమంటే హోదా, విభాగం, సర్వీసు చెప్పి ఊరుకుంటాము. డాక్టర్ అబ్దుల్ కలాం 1999లో వెలువడిన ఆత్మకథలో తమ వైఫల్యాలను దాచలేదు: వాయుసేన ఎంపికలో ఎనిమిది ఖాళీలకు తొమ్మిదవవారుగా నిలవడం, 1979 ఆగస్టులో శ్రీహరికోట నుండి లేచిన ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో కూలడం. 1980 జూలైలో ఆ శ్రేణి వాహనమే రోహిణిని కక్ష్యలో నిలిపింది.

మేమూ ఒక మాట దాచాము. మాది కారుణ్య నియామకం. నాన్నగారు సర్వీసులో ఉండగా కన్నుమూయడం వలన వచ్చిన ఉద్యోగం. అధ్యాపకులం కావాలన్న కోరికను ఆనాడే కట్టిపెట్టాము. తొలి జీతం అందుకొన్న అమ్మ దానిని లెక్కపెట్టక నాన్నగారి పటం ముందుంచింది. నేడు కొత్త అప్రెంటిస్‌లకు పని నేర్పుతున్నప్పుడు ఆ కోరిక కొంత తీరుతున్నది.

మీ పరిచయమూ వ్రాసి పంపండి. హోదాను చివరి పంక్తిలో చేర్చండి, చాలు.