ప్రాజెక్టు కొనకండి, ఒక ప్లైవుడ్ ముక్క ఇప్పించండి



పోయినేడు సైన్స్ ప్రాజెక్టులకు మార్కులు వేసిన రోజు నేను ఒక తప్పు చేశాను. అది చెప్పుకోవడానికే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

ఆ రోజు బల్లల మీద ఇరవైకి పైగా మోడళ్లు ఉన్నాయి. అగ్నిపర్వతం, గాలిమర, ఇంకుడు గుంత, అన్నీ థర్మకోలే, అన్నీ తళతళలాడుతున్నాయి. వాటిలో చాలావరకు షాపులో కొన్నవని నాకూ తెలుసు, తెచ్చిన పిల్లలకూ తెలుసు, డబ్బులు ఇచ్చిన మీకూ తెలుసు. చివరి బల్ల మీద తొమ్మిదో తరగతి బాబు ఒకడు ఇంట్లో చేసిన స్పీకర్ బాక్స్ పెట్టాడు. ప్లైవుడ్ అంచులు సరిగ్గా కలవకపోతే ఆ సందుల్లో ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి కూరాడు. పాట పెడితే డప్పు దెబ్బ పలచగా, రేకు డబ్బా మీద కొట్టినట్టు వినిపించింది. అగ్నిపర్వతానికి పదికి తొమ్మిది వేశాను, బాక్సుకు ఆరు.

బీఈడీలో ఉన్నప్పుడు 'చేస్తూ నేర్చుకోవడం' మీద పది మార్కుల ప్రశ్నకు నాలుగు పేజీలు రాసిన మనిషిని నేను.

మార్కులు చూసుకుని వాడేం బాధపడలేదు. దగ్గరికి వచ్చి, "బాస్ ఎందుకు రాలేదో తెలిసింది మేడమ్. బయటి కొలత తీసుకున్న, లోపలిది తీసుకోవాల్సి ఉండె" అన్నాడు.

లెక్క చూడండి. వాడి బాక్స్ బయట నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు, 20 వెడల్పు, 20 లోతు. గుణిస్తే 12,000 ఘన సెంటీమీటర్లు, అంటే 12 లీటర్లు. కానీ ప్లైవుడ్ మందం 18 మిల్లీమీటర్లు. రెండు వైపులా తీసేస్తే లోపల మిగిలేది 26.4, 16.4, 16.4. గుణిస్తే ఏడు లీటర్లకు కొంచెం పైన. దాదాపు ఐదు లీటర్ల గాలిని ప్లైవుడ్డే మింగేసింది! దీర్ఘఘనం ఘనపరిమాణం సూత్రం మా క్లాసులో ఎవరిని లేపి అడిగినా చెబుతారు. గోడకు మందం ఉంటుందని మాత్రం ఏ వర్క్‌షీటూ వాళ్లకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

చెప్పినవారు ఒకరున్నారు. ప్లైవుడ్ కోయించడానికి వెళ్లినప్పుడు వడ్రంగి వాణ్ణి అడిగిన మొదటి మాట, "లోపలి కొలతనా, బయటి కొలతనా బిడ్డా?" అని. వీడికి అర్థం కాక "బయటిదే" అన్నాడట. నేను క్లాసులో అడగాల్సిన ప్రశ్న అది.

ఆ ఐదు లీటర్లు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే మా ఇంటి కుండ దగ్గరికి పోవాలి. నా చిన్నప్పుడు మా టేప్ రికార్డర్ స్పీకర్ పాడైతే బాపు ఒక విడి స్పీకర్ తెచ్చి వైర్లు కలిపాడు. బల్ల మీద పెడితే దోమ పాడినట్టు ఉండేది. దాన్నే కుండ మూతికి బిగించేసరికి ఇల్లంతా నిండింది. మీలో కొందరి ఇళ్లలోనూ అలాంటి కుండ ఉండే ఉంటుంది. స్పీకర్ కోన్ ముందుకు కదిలితే ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. మధ్యలో అడ్డం లేకపోతే ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. సన్నటి శబ్దాలకు ఈ బాధ తక్కువ. కింది స్వరాలకు చాలా ఎక్కువ. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి సెకనుకు 100 కంపనాల స్వరం తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. అరచేయంత స్పీకర్ దానికేం అడ్డం? కుండైనా పెట్టైనా చేసే పని ఆ వెనక తరంగాన్ని ముందుకు రానీయకపోవడమే. ఇక లోపల మూసి ఉన్న గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. పెట్టె మరీ చిన్నదైతే స్ప్రింగు బిగుసుకుపోతుంది, కోన్ కదలదు, బాస్ పోతుంది. మా బాబుకు జరిగింది ఇదే.

ఆ స్ప్రింగునే తెలివిగా వాడుకున్నాయన కూడా ఒక టీచరే. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ధ్వని గురించి పాఠాలు చెప్పేవాడు. మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా పెట్టుకుని, దానికి తగ్గట్టు కోన్ అంచును బాగా వదులు చేస్తే చిన్న పెట్టె నుంచీ పెద్ద బాస్ వస్తుందని ఇంట్లోనే చేసి చూశాడు. ఆ మెత్తటి అంచును ఆయన భార్య పరుపు గుడ్డతో కుట్టి ఇచ్చింది. 1954లో ఆయన తన విద్యార్థి హెన్రీ క్లోస్‌తో కలిసి స్పీకర్ల కంపెనీ పెట్టాడు. టీచర్, విద్యార్థి, ఇంటి కుట్టుపని... ఇంకేం కావాలి!

మా బాబు వాళ్ల నాన్నగారు పేరెంట్స్ మీటింగులో నన్ను నిలదీశారు. "మేడమ్, వీడు ఇంజనీర్ కావాలని ఫీజులు కడుతున్నం. మీరు వడ్ల పని చేయిస్తున్నరా?" అప్పుడు నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు చెబుతాను సార్. మీ ఇంటి తలుపు సందు లేకుండా పడుతోందంటే ఒక మనిషి మిల్లీమీటర్లలో ఆలోచించాడు. అది చిన్న పని అని మనం పిల్లల ముందు అన్న రోజున వాళ్లు చేతులు ముడుచుకుంటారు. తర్వాత ఇంజనీరింగ్‌లో ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాస్తారు. నేనూ అలా రాసినదాన్నే, డిగ్రీలో.

చేయిద్దామనుకునే వారికి కొన్ని మాటలు. మన లక్సెట్టిపేట నుంచి జన్నారం దిక్కు పోతే అంతా టేకు అడవే కదా, టేకుతోనే చేయిద్దామని కొందరికి అనిపిస్తుంది. వద్దు. అక్కడి కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. టేకు ఖరీదు సంగతి మీకు తెలిసిందే, బిల్లు లేని దుంగ జోలికి అసలే పోకూడదు. పైగా ఎంత మంచి కర్రయినా వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. సందు పడితే గాలి పోతుంది, గాలి పోతే పెట్టె చేసిన ఫలితం ఉండదు. పొరలు అడ్డదిడ్డంగా అతికిన ప్లైవుడ్ అంత కదలదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర తేలిక, మెత్తన. బొమ్మకు అది వరం. పెట్టె గోడకు మాత్రం బరువూ గట్టిదనమూ కావాలి, లేకపోతే గోడ కూడా పాట పాడుతుంది. వడ్రంగి దుకాణంలో మిగిలిన 18 మిల్లీమీటర్ల ముక్కలు, పాత హోం థియేటర్ స్పీకర్ చాలు. మెషిన్ కోత పెద్దవాళ్లే కోయాలి, పొట్టు లేచేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. ఆంప్లిఫయర్ 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేదే తీసుకోండి, గోడ కరెంటు పిల్లల చేతికి ఇవ్వొద్దు. డీజే పెట్టెలు చేస్తారేమో అని భయపడేవారికి ఒక మాట: ఏడు లీటర్ల పెట్టె వీధిని లేపలేదు. అయినా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచి ఉందని పిల్లలకు ఇప్పుడే చెప్పడం మంచిది.

ఆ బాబు ఇప్పుడు పదో తరగతి. రెండో పెట్టె పరీక్షలయ్యాకే అని ఇంట్లో చెప్పారట. కాదనలేను. ఆ ఆరు మార్కులు మార్చే వీలు కూడా ఇప్పుడు నాకు లేదు.

ఈసారి ధ్వని పాఠం ప్రాజెక్టుకు మాత్రం కొన్న మోడల్ తెస్తే నేను మార్కులు వేయను, ముందే చెబుతున్నాను. వంకర పెట్టె తెచ్చినా పరవాలేదు, ఎక్కడ వంకర పోయిందో పిల్లలు ఒక పేజీ రాసి తేవాలి, తెలుగులోనైనా సరే. ఇంకొక్క విన్నపం. వెనక పలకకు మేకులు కొట్టించకండి, స్క్రూలే బిగించండి. నేను విప్పి లోపల కొలుస్తాను.