సోపానము లెక్కించుటయా, ఎక్కనిచ్చుటయా?

స్కౌటు బాలుర అభ్యుదయము పేరిట పెద్దలమగు మనము చేయుచున్న ఒక అపచారమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. అపచారమనుట కొందరికి కఠినముగా దోచవచ్చును. ఇరువది ఏండ్లుగా న్యాయస్థానములలో సాక్షుల సంతకములను పరిశీలించుచున్నవాడను గావున, సంతకము విలువ యెరిగియే ఈ మాట వాడుచున్నాను.

1950 నవంబరు 7వ తేదీన ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థలో బాలుడు ప్రవేశ్ ముగించుకొని, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానములు గడచి, రాజ్యపురస్కారమును, తుదకు రాష్ట్రపతి పురస్కారమును పొందవచ్చును. ముడులు వేయుట, ప్రథమచికిత్స, దిక్సూచితో దారి కనుగొనుట, పటము చదువుట, ఆరుబయట పొయ్యి వెలిగించి వండుట, ఇరుగుపొరుగువారికి సేవ చేయుట, ఇవన్నియు ఆ మెట్లలోనివే. సోపానమని పేరు పెట్టినవారు ఆలోచించియే పెట్టియుందురు. మెట్టు తన కాలితో ఎక్కవలసినదే గాని, పరుల భుజములపై కూర్చుండి ఎక్కునది కాదు.

ఆచరణలో జరుగుచున్నదేమి? రాజ్యపురస్కార పరీక్షా శిబిరము పదిదినములలో నున్నదనగా లాగుబుక్కులు కట్టలు కట్టలుగా వచ్చి పడును. ఏడాది పొడుగున జరిగిన పనులన్నియు ఒకే సిరాతో, ఒకే రాత్రిలో వ్రాసినట్లు కన్పించును. బొమ్మలు అక్కగారు వేసినవి, వ్రాత తల్లిగారిది, సంతకము మనది. బాలునిది పేరొక్కటే! తలిదండ్రుల నిందు పూర్తిగా తప్పుపట్టజాలను. రైల్వే ఉద్యోగములలో స్కౌట్లకు ప్రత్యేకపు వాటా గలదు. రాష్ట్రపతి పురస్కారము దానికొక అర్హత. ఎదిగిన కొడుకు బ్రతుకుతెరువును తలచుకొను తండ్రికి తొందర సహజము. కాని ఆ వాటాకై నిజముగా శ్రమించిన బాలుని ప్రక్కన మన అబద్ధపు సంతకము నిలిచినప్పుడు, నష్టపోవువాడెవడో మనము చూడము. వానికి వకాలతు పుచ్చుకొనువాడును లేడు.

నా తప్పును దాచుకొనను. చాల ఏండ్ల క్రిందట, గడువునకు ముందటి సాయంకాలము ఒక బాలుడు నా కార్యాలయమునకు పరుగున వచ్చెను. ప్రథమచికిత్స తప్ప తక్కినవన్నియు ముగిసినవి. చురుకైన పిల్లవాడు. ‘నేర్చుకొనునులే’ యని పరీక్షింపకయే సంతకము చేసితిని. రెండు మాసములకు కొండదారిలో మేము నడచుచుండగా ఒక చిన్నవాడు జారిపడి ముంజేయి విరుగగొట్టుకొనెను. అందరును చేతిపై బ్యాడ్జి యున్న వానివైపే చూచిరి. వాడు త్రికోణపు గుడ్డ చేతబట్టుకొని కదలక నిలిచిపోయెను. బ్యాడ్జి లేని మరియొక కుర్రవాడు ఆ గుడ్డను పుచ్చుకొని జోలెకట్టు కట్టెను. ఎవరును పరిహసింపలేదు. అయినను ఆ బాలుడు మూడవ ఆదివారము నుండి రాలేదు. నేను పిలువబోతిని గాని రాలేదు. ఆనాటి సిగ్గు వానిది కాదు, నాది. మోసినవాడు మాత్రము వాడు.

ఇట్లనుటచే పరీక్షలను ఉరికంబములుగా మార్చుడని నా భావము కాదు. ఆ దోషము గల నాయకులును లేకపోలేదు; రీఫ్ ముడిలో కొస పొడుగు తగ్గినదని ఆరుమాసములు త్రిప్పుదురు. బేడెన్ పవెల్ ఉద్దేశము బాలుని నైపుణ్యము కంటె వాడు పడిన ప్రయాసను తూచుటయే. మందమతి పదిసార్లు యత్నించి ఒకసారి గెలిచినచో వానికి ధారాళముగా ఇయ్యవలసినదే. యత్నమే లేనిచోట ఇచ్చుట దయ కాదు.

మన ట్రూపులో ఇప్పుడు కొన్ని కట్టుబాట్లు చేసికొన్నాము. నేర్పినవారు పరీక్షింపరాదు, తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి యగుట ఏ ధర్మశాస్త్రమును ఒప్పదు గదా. పరీక్ష జరిగిననాడే, దళమందరి యెదుట సంతకము. మాసమునకొకసారి ప్రతి బాలునితోను పది నిముషములు కూర్చుండి, ‘తరువాతి మెట్టునకు నీకేమి కొరత?’ యని అడుగుట. ముడులు నేర్పుట మాత్రము దళనాయకులకే విడిచితిమి. పదునైదేండ్లవాడు పదకొండేండ్లవానికి నేర్పినచో ఇద్దరికిని వచ్చును. నేను నేర్పినచో ఇద్దరును ఆవులింతురు.

ఈ దేశపు బాలురను తొలుత స్కౌటు దళములలో చేర్చుకొననొల్లని దినములుండెను. ఆ మూసిన తలుపును చూచియే 1916లో అనీబిసెంటమ్మ మదరాసులో భారతీయ బాలురకు వేరు సంఘమును స్థాపించెను. ఉత్తరాదిని మాలవీయ, కుంజ్రూ ప్రభృతులు సేవాసమితి దళముల నడపిరి. మన పిల్లలు ఎవరికిని తీసిపోరని చూపుటకే అంత ప్రయాస. వారు తెరచిన తలుపులోనుండి మనము కాగితములను పంపుచున్నాము.

గతమాసమున నా కక్షిదారుడొకరు తన కుమారుని పుస్తకము తెచ్చి, సంతకమునకు బల్లపై నుంచిరి. ఆదివారము బాలునినే పంపుడని చెప్పితిని. వచ్చెను. జోలెకట్టు మూడుసార్లు కట్టెను, మూడుసార్లును జారెను. మరుసటి ఆదివారము గుడ్డ తానే తెచ్చుకొందునని చెప్పి పోయెను. తండ్రిగారు నాకు ఫోను చేయుట మానివేసిరి.