రెండేళ్ళ లెక్క

చిలుకూరు బాలాజీకి మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, మొక్కు తీరాక 108. లెక్క తప్పకుండా చీటీ మీద గళ్ళు కొట్టుకుంటూ తిరుగుతారు జనం. మొన్న ఆదివారం మా తోడల్లుడుగారు కూడా 11 తిరిగారు.

"దేవుడి దగ్గర యింత లెక్క! ప్లాటు విషయంలో రోజులు లెక్కపెట్టుకోలేదేం?" అన్నది మా వదిన. మాట కారమే గాని, నిజం.

మొయినాబాదు నుంచి చేవెళ్ళ వెళ్ళే మర్రిచెట్ల దారిలో, లోపలికి ఒకచోట, ఆయన ప్లాటు కొన్నారు. కరపత్రంలో లేనిది లేదు: రోడ్లు, మురుగుకాలువలు, పార్కు, సకల అనుమతులు. రిజిస్ట్రేషనైన కొన్నాళ్ళకు తెలిసింది, అసలు లేఅవుటుకే అనుమతి లేదని. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల రక్షణకని 1996లో ప్రభుత్వం 111 నెంబరు జీవోతో 84 గ్రామాలలో కట్టడాలకు పరిమితులు పెట్టింది యీ చుట్టుపక్కలే. కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న అది. ఆయన అడగలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు.

అడగడానికి వెళ్ళినప్పుడల్లా అమ్మినవారు టీ యిప్పించి, "వచ్చే నెల అయిపోతుంది సార్" అనేవారు. ఆ టీలు తాగుతూ నెలలు గడిపారు.

చివరికి వకీలుగా వున్న నా పాత శిష్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాను. "ఉత్త స్థలం అమ్మితే వేరు సంగతి. రోడ్లూ కాలువలూ వేస్తామని లేఅవుటు ప్లాటు అమ్మితే అది సేవ కిందికి వస్తుందని, మన హైదరాబాదు సంస్థ నార్నె కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. కాని సార్, గడువు రెండేళ్ళే" అన్నాడు.

1986 నాటి చట్టంలో యీ గడువు 1993లో చేర్చారు. 2019 చట్టంలో అది 69వ సెక్షను. వ్యాజ్యకారణం పుట్టిన నాటినుంచి రెండేళ్ళు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. కమిషన్ ఒప్పుకుంటే ఆ కారణం రాసి మరీ తీసుకుంటుంది. అవతలివారు అడగకపోయినా గడువు సంగతి తానే చూడాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం రాసే ఉత్తరాలవల్ల, వారు చెప్పే "రేపు, ఎల్లుండి"వల్ల గడువు పెరగదు. డబ్బు తీసుకుని స్థలమే స్వాధీనం చెయ్యకపోతే మాత్రం, ఆ కారణం రోజురోజూ కొనసాగుతుందని 2012లో మీరట్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో అన్నారు. మావారికి ఆ వెసులుబాటు లేదు. స్థలం చేతిలోనే వుంది.

"మోసం తెలిసింది ఏనాడు?" అన్నాడు శిష్యుడు. తోడల్లుడుగారు తెల్లమొహం వేశారు.

వదిన ఇంటికి వెళ్ళి పాత కాలెండరు తెచ్చింది. పాలవాడి నాగాల పక్కన సన్నని అక్షరాలు: "ప్లాటుకు పర్మిషను లేదట. ఈయన అన్నం తినలేదు."

అప్పటికి 22 నెలలైంది. ఇంకా రెండు నెలలే మిగిలాయి.

"రిజిస్ట్రేషన్ నాటినుంచే లెక్కించాలని అవతలివారు వాదిస్తారు. అయినా యింక ఒక్కరోజు ఆగవద్దు" అన్నాడు. ఫిర్యాదు మన నివాసమున్న జిల్లాలోనే వెయ్యవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. ఆ వారంలోనే వేశాం.

విచారణ సాగుతున్నది. 108 ప్రదక్షిణలు యింకా బాకీయే. మా యింట్లో మాత్రం యిప్పుడు ఏ వస్తువు కొన్నా, రసీదు తేదీ కాలెండరు మీదికి ఎక్కుతున్నది, పాల లెక్క పక్కన.