ఎదురుచూపులనూ లెక్కలోకి తీసుకోవాలి

పుదుచ్చేరిలో ఇందిరాగాంధీ కూడలి నుంచి రాజీవ్‌గాంధీ కూడలి వరకు సుమారు 4 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2025 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం రూ.436 కోట్లు. నానాటికీ వాహనాలు పెరుగుతున్న నగరానికి ఇది అవసరమే. కానీ ఇలాంటి పథకాలు ఆదా చేసేది ఎవరి సమయాన్ని?

పుదుచ్చేరిలోని కోసపాళయం నుంచి ఉదయాన్నే పనికి బయల్దేరేవారికి సొంత బండి, టౌన్ బస్సు, టెంపో, సైకిల్, కాలినడక... ఇలా దారులు చాలానే ఉన్నాయి. గడియారం చూస్తే బస్సుకూ బండికీ తేడా కొద్ది నిమిషాలే కావచ్చు. అయినా అప్పు చేసి మరీ బండి కొంటున్నారు. కారణం వేగం ఒక్కటే కాదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియక ఎండలో నిలబడే భారం బండి ఉన్నవారికి లేదు.

ఈ భారాన్ని అర్థశాస్త్రం ఎప్పుడో గుర్తించింది. డబ్బులాగే సమయమూ కుటుంబం పొదుపుగా వాడుకోవాల్సిన వనరేనని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1965లో సిద్ధాంతీకరించారు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ‘బార్ట్’ రైలు రాకముందే మరో ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం అక్కడి ప్రయాణికుల ఎంపికలను అధ్యయనం చేసింది. 15 శాతం మంది రైలెక్కుతారని అధికారిక అంచనా. మెక్‌ఫాడెన్ 6.3 శాతమన్నారు. చివరికి ఎక్కింది 6.2 శాతం. ఎంపికల విశ్లేషణలో చేసిన కృషికి ఆయనకు 2000లో నోబెల్ దక్కింది. స్టాపు దాకా నడిచే సమయం, అక్కడ వేచి ఉండే సమయం వాహనంలో కూర్చున్న సమయం కంటే దాదాపు రెట్టింపు భారమని ప్రయాణికుల ఎంపికలపై అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలు తేల్చాయి.

దీన్ని కోసపాళయానికి అన్వయించి చూద్దాం. అరగంటకో బస్సు నడిస్తే సగటున 15 నిమిషాలు ఎదురుచూడాలి. పది నిమిషాలకో బస్సు వస్తే ఆ నిరీక్షణ అయిదు నిమిషాలకు తగ్గుతుంది. మిగిలిన పది నిమిషాలు ప్రయాణికుడికి ఇరవై నిమిషాల ఊరటతో సమానం. వంతెన కట్టకుండా, బస్సు వేగం పెంచకుండానే దక్కే లాభమిది.

మన ప్రణాళికల్లో ఈ లాభానికి దక్కుతున్న విలువ తక్కువ. రహదారుల ఆర్థిక మదింపునకు ఆధారమైన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్పీ-30 మాన్యువల్‌లో కారు ప్రయాణికుడి గంటకు ఒక విలువ, సాధారణ బస్సు ప్రయాణికుడి గంటకు అంతకంటే తక్కువ విలువ. ఆదాయాన్ని బట్టి గంటకు ధర కడితే ఇళ్లలో పనిచేసే మహిళ సమయం చవకైపోతుంది. ఆమె పది నిమిషాలు ఆలస్యమైతే పోయేది కూలీ, పిల్లల బడి వేళ, ఆ పూట విశ్రాంతి. వీటిలో ఏదీ చవక కాదు.

తెలుగు రాష్ట్రాలకూ ఈ పాఠం వర్తిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఎందరికో రాకపోకల స్వేచ్ఛనిచ్చిన మేలైన నిర్ణయమిది. టికెట్ ధర పోయాక మహిళలు చెల్లిస్తున్నది సమయమే. బస్సుల సంఖ్య రద్దీకి తగ్గట్టు పెరగకపోతే, జేబులో మిగిలిన రూపాయిని స్టాపులో నిరీక్షణ హరిస్తుంది.

అందుకే ఏ రవాణా పథకమైనా ముందు కొన్ని ప్రశ్నలకు జవాబివ్వాలి. నడకలో, నిరీక్షణలో ఎన్ని నిమిషాలు తగ్గుతాయి? అవి ఎవరివి? కారులో వెళ్లేవారి గంటకూ బస్సు కోసం నిలబడేవారి గంటకూ ఒకే విలువ కట్టారా? కారిడార్ కోసం వెచ్చించే ప్రభుత్వం బస్సుల సంఖ్యకు, నీడనిచ్చే స్టాపులకు, నడవదగిన ఫుట్‌పాత్‌లకు, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే కచ్చితమైన సమాచారానికీ నిధులివ్వాలి. ప్రజాధనంతో కొంటున్న సమయం మొదట దక్కాల్సింది, దాన్ని ఎక్కువగా పోగొట్టుకుంటున్నవారికే.