గేటు దగ్గర విప్పిన బెల్టు

ఆంగ్ల సాహిత్యం చదివినవారు కవిత్వం అనువదించి బ్రతుకుతారని నమ్మే స్నేహితులు నాకు ఇంకా కొందరున్నారు. నా బల్లమీదికి వచ్చే కాగితాలలో నూటికి తొంబై యంత్రాల చేతిపుస్తకాలని చెప్పి వారిని నొప్పించడం నాకు ఇష్టం ఉండదు. ఈమధ్య వచ్చినది అమెరికాలో పశువులను మేపే విశాలమైన క్షేత్రాలలో తిరిగే ఒక చిన్న నాలుగు చక్రాల బండికి సంబంధించినది. దానిని మన తోటలవారికి కూడా అమ్మే ఉద్దేశంతో తెలుగు ప్రతి కావాలన్నారు.

మొదటి పుటలోనే రెండు చిక్కులు ఎదురైనాయి. 'రాంచ్' అన్న మాటను మన లిపిలో వ్రాస్తే చదువరికి జార్ఖండ్ రాజధాని గుర్తుకు వస్తుంది. కావున 'పశుక్షేత్రం' అని సరిపెట్టుకున్నాను. ఆ బండికి వారు పెట్టిన పేరు 'సైడ్ బై సైడ్'. ఇద్దరు పక్కపక్కన కూర్చునేది అని భావం. దానిని 'జోడుసీట్ల బండి' అన్నాను. జోడెద్దుల బండిని ఎరిగిన చెవికి ఆ మాట మరీ పరాయిగా తోచదని నా ఆశ.

మూడవ చిక్కు మాటలది కాదు. పుస్తకంలో ఒకే హెచ్చరిక అడుగడుగునా వస్తుంది: బెల్టు పెట్టుకొనండి, చేతులు కాళ్ళు బండి లోపలే ఉంచండి. పునరుక్తిని సహించని పాత అలవాటుకొద్దీ వాటిలో కొన్నిటిని తగ్గించమని తయారీదారులకు సలహా ఇద్దామనుకున్నాను. అంతకు ముందు, అన్నిసార్లు ఎందుకు చెప్పారో తెలుసుకోవడం మర్యాద గదా అని కొంత చదివాను. ఆ సలహా ఇవ్వలేదు.

ఈ బండికి ముందు పశుక్షేత్రంలో పని చేసినవి గుర్రమూ, పికప్ ట్రక్కూ. 1970లో హోండా సంస్థ మూడు చక్రాల మోటారు బండిని అమెరికా విపణిలోకి తెచ్చింది. సరదాకు పుట్టిన ఆ బండి క్రమంగా పొలాలకూ ఎక్కింది. సులభంగా తిరగబడుతుందన్న అపకీర్తిని మూటగట్టుకొని, ప్రభుత్వంతో తయారీదారులు చేసుకొన్న ఒప్పందం మేరకు 1988లో అక్కడ అమ్మకానికి దూరమైనది. దాని స్థానంలో నిలిచిన నాలుగు చక్రాల బండి కూడ గుర్రంవలె కాళ్ళు చెరొక వైపు వేసి ఎక్కేదే. అదే 1988లో కవాసాకి సంస్థ 'మ్యూల్' అనే బండిని తెచ్చింది. కంచరగాడిద అని ఆ పేరుకు అర్థం. స్టీరింగు చక్రం, పక్కపక్కన సీట్లు, కాలికింద పెడళ్ళు, వెనుక సామాను తొట్టి, తలపై ఉక్కు గొట్టాల చట్రం: నేటి జోడుసీట్ల బండి స్వరూపం ఇది. 1990లలో జాన్ డీర్, పొలారిస్ సంస్థలు కూడ ఈ దారి పట్టాయి.

ఈ బండి విలువ తెలియాలంటే నెబ్రాస్కా రాష్ట్రంలోని శాండ్‌హిల్స్ వంటి చోటును ఊహించుకోవాలి. సుమారు 50,000 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొన్న ఇసుక దిబ్బలవి. ఎడారి అనరాదు, దిబ్బల నిండా గడ్డి. ఆ గడ్డి వేళ్ళే ఇసుకను కదలకుండ పట్టి ఉంచుతున్నాయి. ఒకేచోట చక్రాలు పదేపదే నడిచి గడ్డి చిరిగితే, గాలి ఆ గాయంలో దూరి ఇసుకను తవ్వి గుంటచేస్తుంది. ఒకసారి నోరు తెరచిన గుంట మళ్ళీ పచ్చబడడానికి ఏళ్ళు పడుతుంది. రెండు టన్నులకు పైబడిన పికప్ ట్రక్కు అక్కడ ఎందుకు బరువో ఇప్పుడు తెలుస్తుంది. జోడుసీట్ల బండి తూగేది ఆరేడు వందల కిలోలు, మహా అయితే తొమ్మిది వందలు. టైర్లు వెడల్పు, వాటిలో గాలి తక్కువ. నేలను కోయవు, అదుముతాయి.

అక్కడి మనిషికి వేసవిలో రోజువారీ పని నీటి తొట్లను చూసిరావడం. గాలిమరలు, ఈమధ్య సూర్యశక్తి పంపులు, భూమిలోని నీటిని తోడి తొట్లకు పోస్తుంటాయి. ఒక్క మర ఆగిపోతే ఆ గడ్డిభూమిలోని మంద మొత్తం దాహానికి గురి అవుతుంది. దారిలో తెగిన ముళ్ళతీగె బిగించాలి, ఉప్పు, ఖనిజాల బస్తాలు దించాలి. వసంతంలో ఈతల కాలం వస్తే పని రాత్రికీ పాకుతుంది. మంచులో పుట్టి వణికే దూడను ఎత్తి కాళ్ళదగ్గర పడుకోబెట్టి కొట్టానికి చేర్చడమూ ఈ బండిలోనే. కొత్తగా ఈనిన ఆవు మనిషిమీదికి వస్తుంది గనుక, దూడ చెవికి బిళ్ళ వేసేటప్పుడు బండిని మధ్య అడ్డుపెట్టుకోవడం కూడ ఉన్నది. దాణా వేసే బండి చప్పుడును ఆవులు బాగా గుర్తుపట్టి పరుగెత్తి వస్తాయి. ఇంజను మోతకు బెదరవలసిన పశువు ఇంజను మోతకే ఆశపడడం నాకు వినోదంగా తోచింది.

ఇక ఎంపిక. ప్రకటనలు చూస్తే ఈ బండ్లను అశ్వశక్తినిబట్టి, వేగాన్నిబట్టి కొనాలనిపిస్తుంది. క్షేత్రపు పనికి ఆ రెండూ చివర చూడవలసినవని నా అభిప్రాయం. మొదట చూడవలసినది బరువు.

ఒక లెక్క వేద్దాం. కలుపు మందు చల్లడానికీ, గడ్డి మంటలు ఆర్పడానికీ చాలామంది వెనుక తొట్టిలో నీటి ట్యాంకు పెట్టుకుంటారు. నూరు గ్యాలన్ల ట్యాంకు అంటే వినడానికి పెద్దది కాదు. కాని అమెరికా గ్యాలను నీరు 8.3 పౌన్లు, నూరు గ్యాలన్లు 830 పౌన్లు, అనగా సుమారు 378 కిలోలు. ట్యాంకు, పంపు, గొట్టాల బరువు దీనిపై అదనం. పెద్ద రకం బండ్ల వెనుక తొట్టి మోయగలదని తయారీదారులు చెప్పేది 1,000 పౌన్లు, అంటే 454 కిలోలు. నూరు గ్యాలన్లతోనే అది ఇంచుమించు నిండిపోయింది. మధ్య రకం బండ్లలో అనేకం మోసేది 500 పౌన్లు మాత్రమే; వాటిలో ఇదే ట్యాంకు పెట్టినవాడు బండికి ఇంచుమించు రెట్టింపు బరువు ఎత్తినట్లు లెక్క. ఇంజను దానిని లాగుతుంది కూడ. లాగగలిగినది మోయగలదనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. బ్రేకులు, స్ప్రింగులు, ఇరుసులు ఇంజను మాట వినవు.

బరువుకన్న దాని ఎత్తు ముఖ్యం. ట్యాంకు ఇరుసుకు పైన, చక్రాలకు పైన కూర్చుంటుంది. దిబ్బకు అడ్డంగా పోయేటప్పుడు బండితోపాటు ఆ 378 కిలోలూ పల్లం వైపు ఒరుగుతాయి. నిండు ట్యాంకు కనీసం ఒకచోట నిలుస్తుంది. సగం ఖాళీ అయిన ట్యాంకు ఇంకా మొండిది. ఒరిగిన వైపే నీరు పరుగెత్తి చేరుతుంది. చల్లుతూ పోయేవాడు నీరు తగ్గుతున్నకొద్దీ బండి తేలికైనదని ధీమా పడతాడు. ఆ ధీమాకు ఆధారం లేదు. పొట్టిగా వెడల్పుగా ఉండి, లోపల అడ్డుపలకలు గల ట్యాంకు ఎన్నుకోవాలి. వాలును అడ్డంగా కోయక నిలువుగా ఎక్కి నిలువుగా దిగాలి. సగం నీటితోనే పని జరిగేటట్లయితే పెద్ద ట్యాంకు కొననేవద్దు. చెట్ల నడుమ ఇరుకు దారులకోసం చేసిన సన్నని బండ్లు చవకగా దొరికినా, చెట్టులేని దిబ్బలపై వెడల్పయిన బండికే ఓటు వేయాలి.

రెండవది, శక్తి చక్రాలకు చేరే తీరు. చాలా బండ్లలో రబ్బరు బెల్టు రెండు కప్పీల నడుమ తిరుగుతూ వేగాన్ని తానే సర్దుకుంటుంది; క్లచ్ అవసరం లేదు. బరువుతో నెమ్మదిగా పోయేటప్పుడు 'లో' గేరు వేయకపోతే ఆ బెల్టు జారి, కాగి, తెగుతుంది. కొన్ని డీజిలు బండ్లలో బెల్టుకు బదులు నూనె పీడనంతో శక్తి అందుతుంది; వేగం తక్కువ, కాని దిగుడులో కాలు తీయగానే బండి తానే నెమ్మదిస్తుంది. క్షేత్రంలో ట్రాక్టరుకు ఎటూ డీజిలు నిలువ ఉంటుంది గనుక అదీ ఒక సౌకర్యం. విద్యుత్ బండ్లు చప్పుడు లేనివి, దూడల మధ్య తిరగడానికి హాయి. చలి బాగా ముదిరితే బ్యాటరీ దూరం తగ్గుతుంది.

మనకు దగ్గరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1947 నుంచి విల్లీస్ జీపులను ఇక్కడ కూర్చిన మహీంద్రా సంస్థ, 2018లో మిచిగన్ రాష్ట్రంలోని ఆబర్న్ హిల్స్ నుంచి 'రాక్సర్' అనే బండిని ఈ తరగతిలోనే విడుదల చేసింది. 2.5 లీటర్ల డీజిలు ఇంజను, అయిదు గేర్లు, ఉక్కు ఒళ్ళు. అది తమ జీపును పోలి ఉన్నదని అక్కడి జీపు యజమానులు వ్యాజ్యం వేయగా, 2020లో ముఖం మార్చుకోవలసి వచ్చింది. అమెరికానుంచి వచ్చిన జీపు మనవద్ద డెబ్బై ఏళ్ళు కాపురం చేసి పుట్టింటికి పోతే, గుమ్మంలోనే పోలికల పేచీ వచ్చినదన్నమాట.

ఎండుగడ్డి నేలలో మరొక భయం నిప్పు. పొగగొట్టం చుట్టూ గడ్డి చేరి రాజుకుంటుంది. రోజూ బండి కిందికి వంగి చూచి ఆ గడ్డిని పెరికివేయడానికి అయిదు నిమిషాలు చాలు. తయారీ లోపాలూ లేకపోలేదు: బండ్లకు నిప్పంటుకొనే లోపాలను సకాలంలో తెలుపలేదన్న అభియోగంపై పొలారిస్ సంస్థ 2018లో 2 కోట్ల 72 లక్షల 50 వేల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నది. సెకండ్‌హాండ్ బండి కొనేవారు దానిపై రీకాల్ ప్రకటన ఏదైనా ఉన్నదా, మరమ్మతు జరిగినదా అని తప్పక విచారించాలి.

తిరిగి ఆ బెల్టు దగ్గరికి వస్తాను, సీటు బెల్టు దగ్గరికి. 2009 మార్చిలో అమెరికా ప్రభుత్వపు వినియోగ వస్తువుల భద్రతా సంఘం, యమహా 'రైనో' బండ్లలోని రెండు రకాల ప్రమాదాలు 50కి పైగా పరిశీలించామనీ, వాటిలో 46 మంది మరణించారనీ ప్రకటించింది. మూడింట రెండు వంతులకు పైగా బండి బోల్తాపడినవి. చాలామంది బెల్టు పెట్టుకోనివారు. నన్ను ఆపివేసినది తరువాతి వాక్యం. వాటిలో అనేకం చదునైన నేలపై, తక్కువ వేగంలో మలుపు తిరుగుతుండగా జరిగినట్లు కనిపిస్తున్నదని సంఘం పేర్కొన్నది. సంస్థ అమ్మకాలు నిలిపి, వెనుక చక్రాల నడుమ వెడల్పు పెంచే ఉచిత మరమ్మతు ప్రకటించింది.

తలపైనున్న ఉక్కు చట్రం ప్రాణాలు కాపాడేదే. కాని దాని లోపల ఉన్నవానినే అది కాపాడుతుంది. బండి ఒరుగుతున్న క్షణంలో మనిషి ఆలోచించడు. పడిపోతున్న సైకిలును ఆపినట్లు చేయో కాలో బయటికి చాపుతాడు. బెల్టు లేకపోతే దేహమూ ఆ చేతి వెంట పోతుంది. అప్పుడు కాపాడవలసిన చట్రమే వచ్చి మీద పడుతుంది. చేతులు కాళ్ళు లోపలే ఉంచమని అన్నిసార్లు వ్రాయడానికి కారణం ఇది.

నేటి బండ్లలో అనేకం, బెల్టు పెట్టుకోనిదే గంటకు 15 మైళ్ళు, అంటే 24 కిలోమీటర్లు మించి పోవు. మంచి ఏర్పాటే. అయితే క్షేత్రంలో పని జరిగేది ఆ వేగానికి లోపలే గదా! అక్కడ బెల్టుకు శత్రువు వేగం కాదు, గేటు. ఒక గడ్డిభూమినుంచి మరొకదానికి పోయినప్పుడల్లా ఆగి, దిగి, తీగెగేటు తీసి, బండి దాటించి, మళ్ళీ దిగి మూయాలి. ఒంటరిగా పోయేవాడు గేటుకు రెండుసార్లు బెల్టు విప్పాలి, రెండుసార్లు పెట్టాలి. పది గేట్లు అయ్యేసరికి ఎవరికైనా విసుగు వస్తుంది. హెచ్చరిక కూత వినిపించకుండ బెల్టును వీపు వెనుక బిగించి, దానిపైన కూర్చునేవారూ ఉన్నారు.

కాబట్టి కొనేముందు ఇంజను పట్టిక కన్న గేట్ల లెక్క చూడమంటాను. ఎక్కువగా తిరిగే దారిలో గేటుకు బదులు, గుంటపై ఇనుప గొట్టాలను ఎడంగా పరచే ఏర్పాటు అక్కడ వాడుకలో ఉన్నదే; దానిపై బండి సాగిపోతుంది, పశువు కాలు పెట్టదు. పెద్ద ఇంజనుకు పెట్టే అదనపు డబ్బు అటువంటి రెండు దారులకు పెడితే రోజుకు ఎన్నిసార్లు బెల్టు విప్పడం తప్పుతుందో వేళ్ళపై లెక్కించుకోవచ్చు. ఇద్దరు పోయే రోజున గేటు పని పక్కసీటువానిదని అక్కడి ఆచారం. అతడు ఎక్కి బెల్టు పెట్టుకొనేదాకా బండి కదపకపోవడం నడిపేవాని పని. పాదాలు నేలకు ఆననంత చిన్నపిల్లలకు ఆ సీటు కాదు. వెనుక తొట్టి అసలే మనుషులకు కాదు.

చేతిపుస్తకంలో 'ప్రతిసారీ బెల్టు పెట్టుకొనండి' అని ఉన్నది. నా ప్రతిలో ఆ మాట పక్కన పెన్సిలుతో 'ప్రతి గేటు దాటిన తరువాత' అని వ్రాసి, ఇట్లా మార్చవచ్చునా అని తయారీదారులను అడిగాను. మూలంలో లేని గేటును తెలుగులో ఎందుకు నిలబెడుతున్నారని వారు తిరిగి ప్రశ్నించారు. జవాబు వ్రాస్తున్నాను.