పాత ట్రాక్టరును పాతరేయొద్దు

చీపురుపల్లి, గరివిడి, గుర్ల మండలాల్లో పశువుల శాల పక్కనో, కళ్లం చివరనో మూలపడిన ట్రాక్టరు కనిపించడం వింతేమీ కాదు. టైర్లు నేలకు అంటుకుపోయి, బానెట్ తుప్పు పట్టి ఉంటుంది. దాన్ని తుక్కు కింద తూకానికి అమ్మడమో, ఎక్స్ఛేంజిలో ఎంతొస్తే అంతకు ఇచ్చి అప్పు మీద కొత్తది తెచ్చుకోవడమో, ఈ రెండే దారులని చాలామంది అనుకుంటారు. మూడో దారి ఉంది. ఆ ఇంటి కుర్రాడే పానా పట్టి, పని నేర్చుకుంటూ దాన్ని మళ్లీ దుక్కికి దించడం. చిన్న కమతాల ప్రాంతంలో లెక్కకు నిలబడే దారి కూడా ఇదే. కొత్త యంత్రాల రాయితీకి ఖర్చు పెడుతున్న ప్రభుత్వం అందులో కొంత వాటా మరమ్మతు నేర్పడానికి మళ్లించాలి.

ముందు లెక్క చూద్దాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు. అంటే మనకు సగటున రెండున్నర ఎకరాలు కూడా లేదు. ఇక్కడి పనికి చాలిన 35-40 హెచ్‌పీ కొత్త ట్రాక్టరు ఐదారు లక్షల రూపాయల మాట. ఐదు లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు పదకొండు వేల పైచిలుకు, ఏడాదికి లక్షా ముప్పై వేలకు పైగా కట్టాలి. చివరికి వడ్డీయే లక్షా అరవై వేలు దాటుతుంది. వానల మీద ఆధారపడే మెట్టలో వరి, మొక్కజొన్న, నువ్వు, గోగు పండించే రెండెకరాల రైతు తన చేను దున్నుకుని ఈ వాయిదా తీర్చలేడు. కిరాయికి తిప్పాలి. పక్కింటాయనా అప్పు చేసి కొన్నవాడే కాబట్టి ఆయనా కిరాయికే తిప్పుతాడు. దమ్ము పట్టే పది పదిహేను రోజుల్లో అందరికీ పని దొరుకుతుంది, మిగతా నెలల్లో వాయిదా మాత్రమే మిగులుతుంది. మరమ్మతుకూ డబ్బు కావాలి, నిజమే. కానీ అది విడతలవారీగా పెట్టుకునే ఖర్చు. ఈ ఏడాది బ్రేకులు, నాజిళ్లు చూసుకుని, టైర్లు వచ్చే ఏటికి వాయిదా వేయవచ్చు. బ్యాంకు వాయిదాకు ఆ వెసులుబాటు లేదు.

అనుభవం లేనివాడికి ఇది సాధ్యమా అన్న అనుమానానికి జవాబు ఆ బండ్ల చరిత్రలోనే ఉంది. మహీంద్రా ట్రాక్టర్ల తయారీ 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ భాగస్వామ్యంతో మొదలైంది. టాఫే 1960 దశకంలో మాసీ ఫెర్గూసన్ నమూనాలతో వచ్చింది. హెచ్‌ఎంటీ 1971లో చెకొస్లొవేకియా జెటర్ పరిజ్ఞానంతో పింజోర్‌లో ట్రాక్టరు చేసింది. దుర్గాపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ రూపొందించిన స్వరాజ్ 1974లో మార్కెట్లోకి వచ్చింది. ఈ తరం బండ్లలో కంప్యూటరు లేదు, సెన్సార్లు లేవు. డీజిలు, గాలి, కంప్రెషన్ మూడూ సరిగా అందితే ఇంజను తిరుగుతుంది. ఏది అందకపోయినా దాని జాడ కంటికో చెవికో దొరుకుతుంది. పైగా ఒకే నమూనాను కంపెనీలు చిన్నచిన్న మార్పులతో దశాబ్దాలపాటు తయారు చేశాయి. అందుకే పాత మాసీకి, మహీంద్రాకు స్లీవ్ పిస్టన్ కిట్టు, క్లచ్ ప్లేటు, గ్యాస్కెట్లు నేటికీ దొరుకుతున్నాయి. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగం 2016లో మూతపడింది కాబట్టి వాటి విషయంలో మాత్రం ముఖ్యమైన భాగాలు దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే చేయి పెట్టాలి.

కొత్తగా నేర్చుకునేవాడు దారి తప్పేది సామర్థ్యం లేక కాదు, వరుస తెలియక. మొదట రంగు వేయాలనిపిస్తుంది, లేదంటే ఇంజను మొత్తం విప్పాలనిపిస్తుంది. రెండూ తొందరపాటే. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజనుకు వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. నాజిళ్లు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిలు పోసి, క్రాంకు చేత్తో తిరుగుతుందో లేదో చూడాలి. ఇంజన్ ఆయిలు తెల్లబారి నురగ కట్టి ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టు. పాత డీజిలు తీసేసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, పైపుల్లో చేరిన గాలి తీస్తే సగం బండ్లు పలకకపోవడానికి కారణం అక్కడే బయటపడుతుంది. స్టార్టయ్యాక పొగను గమనించాలి. నల్లపొగ వస్తే గాలి చాలక గానీ, డీజిలు ఎక్కువై గానీ ఉంటుంది. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిలు మండుతోంది, అంటే రింగులో, స్లీవులో, వాల్వు గైడ్లో అరిగాయి. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిలు సరిగా మండటం లేదు, లేదా నీళ్లు చేరుతున్నాయి. వీటన్నిటికంటే ముందు చూడాల్సినవి బ్రేకులు, స్టీరింగు. కదలని ట్రాక్టరు ఎవరికీ హాని చేయదు. ఆగని ట్రాక్టరు ప్రాణం తీస్తుంది.

ఇక్కడే బలమైన అభ్యంతరం వస్తుంది. టన్నున్నర, రెండు టన్నుల బరువున్న యంత్రం కింద తెలిసీ తెలియని కుర్రాణ్ని దూర్చడం ప్రమాదం కాదా? ప్రమాదమే. క్లచ్ ప్లేటు మార్చాలంటే ట్రాక్టరును నడుమకు రెండుగా విడదీయాలి. జాకీ మీద నమ్మకం పెట్టుకుని కింద దూరినవాడు జాకీ జారితే బయటకు రాడు. నాజిల్ నుంచి ఎగజిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. వెనక పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టు లుంగీ అంచునో తువ్వాలునో పట్టిందంటే మనిషిని వదలదు. అయితే ఈ ప్రమాదాలు మరమ్మతు మానేస్తే పోయేవి కావు. ట్రాక్టరు నడిపేవాడికి ఎలాగూ ఉన్నవే, దాని లోగుట్టు తెలియనివాడికి ఇంకా ఎక్కువ. అందుకే పనిని మూడు మెట్లుగా విడదీసుకోవాలి. ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు, వైరింగు, రేడియేటరు సొంతంగా చేసుకోవచ్చు. బ్రేకులు, హెడ్డు గ్యాస్కెట్, క్లచ్, హైడ్రాలిక్ లిఫ్టు అనుభవం ఉన్న మేస్త్రి పక్కనుండగానే చేయాలి. డీజిల్ పంపు కాలిబ్రేషన్, క్రాంక్ గ్రైండింగ్, బోరింగ్ ఆ యంత్రాలున్న షాపుకే పంపాలి. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా నేర్చుకోవడంలో భాగమే.

పాత ఇంజను డీజిలు తాగుతుంది, పొగ వదులుతుంది అనేది రెండో అభ్యంతరం. అరిగిన నాజిళ్లు, మూసుకుపోయిన ఎయిర్ క్లీనరు ఉన్న ఇంజను విషయంలో అది నిజం. బాగుచేయమంటున్నది వాటినే కదా. 2023 జనవరి నుంచి అమలైన ట్రెమ్ నాలుగో దశ ఉద్గార ప్రమాణాలు 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు ఉద్దేశించినవి. మన చిన్న రైతు కొనే బండి ఆ పరిధిలోకి రాలేదు. అంతమాత్రాన పాతది కొత్తదానంత శుభ్రంగా నడుస్తుందని ఎవరూ అనరు. కానీ ఏడాదిలో కొద్ది వారాలే పనిచేసే బండి కోసం మరో బండిని ఉక్కు నుంచి మొదలుపెట్టి తయారు చేయించడం కూడా కాలుష్యమే. ఇక మరమ్మతు ముగిసేలోగా అదును దాటిపోతుందన్న భయానికి జవాబు పంటల క్యాలెండరులోనే ఉంది. సంక్రాంతికి వరి నూర్పిళ్లు ముగిశాక పని మొదలుపెడితే రోహిణి కార్తె నాటికి బండిని పరీక్షించి సిద్ధం చేసుకునే వ్యవధి ఉంటుంది. జూన్‌లో విప్పదీసి కూర్చుంటే మాత్రం ఆ తప్పు బండిది కాదు.

ప్రతి పాత ట్రాక్టరునూ బతికించాలన్న మొండితనమూ పనికిరాదు. గేరుబాక్సు హౌసింగో ఇంజన్ బ్లాకో పగిలినదాన్ని, కాగితాలు లేనిదాన్ని, కిట్టు ధర బండి విలువను మించేదాన్ని వదిలేయడమే మంచిది. పదేళ్లు, పదిహేనేళ్లు దాటితే తుక్కు చేయాల్సిందేనన్న ప్రచారాన్ని మాత్రం నమ్మనక్కర్లేదు. వ్యవసాయ ట్రాక్టరు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిశాక, తనిఖీలో నిలిస్తే ఐదేళ్లకోసారి పొడిగించుకునే వీలు చట్టంలోనే ఉంది.

ఇప్పుడు ప్రభుత్వం వంతు. 2014-15 నుంచి నడుస్తున్న కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకమైనా, 2022లో రాష్ట్రంలో రైతు గ్రూపులకు 40 శాతం రాయితీతో ట్రాక్టర్లిచ్చిన యంత్ర సేవ అయినా ప్రధానంగా కొత్త యంత్రం కొనడం చుట్టూనే తిరిగాయి. యంత్రాల మరమ్మతులో రైతులకు శిక్షణనిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. చీపురుపల్లి కుర్రాడికి అది రాష్ట్రం ఆ చివర. ఐటీఐల జాబితాలో ట్రాక్టర్ మెకానిక్ కోర్సు ఉంది గానీ, ఏడాదిపాటు చదవలేని రైతుబిడ్డకు కావాల్సింది వేసవిలో రెండు మూడు నెలల పని నేర్పు. గనులకు, ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమకు పేరుపడ్డ గరివిడి పరిసరాల్లో వెల్డింగు, లేత్ పని తెలిసిన చేతులకు కొదవ లేదు. ఆ మేస్త్రీలకు గౌరవ వేతనమిచ్చి, మూలపడిన బండ్లనే పాఠాలుగా పెట్టి మండల కేంద్రంలో శిబిరం నడపడానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. 2025 సెప్టెంబరులో ట్రాక్టరు టైర్లు, విడిభాగాలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అది మరమ్మతు వైపు వేసిన మంచి అడుగే. 2022లో కేంద్రం వేసిన మరమ్మతు హక్కు కమిటీ వ్యవసాయ యంత్రాలనూ తన పరిధిలోకి తీసుకుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లోనే రైతుల కోసం ఈ హక్కును చట్టంగా చేసింది. మనకూ ఆ చట్టం రావాలి. కంపెనీలు రిపేరు మాన్యువల్‌ను, విడిభాగాల పుస్తకాన్ని తెలుగులో ఇవ్వాలి.

ఉత్తరాంధ్ర యువత పని వెతుక్కుంటూ విశాఖకు, హైదరాబాద్‌కు, చెన్నైకి వెళ్లడం పాత సంగతే. ట్రాక్టరు బాగుచేయడం నేర్పినంతనే ఆ వలస ఆగిపోదు. కానీ ఊళ్లో నలుగురికి ఆ పని వస్తే, నాట్ల వేళ ఆగిన బండి కోసం పట్నం మెకానిక్కు చుట్టూ తిరిగే అవస్థ తప్పుతుంది, ఆ నలుగురికీ కూలి గిట్టుతుంది. వచ్చే వేసవికి విజయనగరం జిల్లా యంత్రాంగం చీపురుపల్లిలో ఒక్క శిబిరం పెట్టి చూడాలి. ఒక కొత్త ట్రాక్టరుకిచ్చే రాయితీ సొమ్ము దానికి సరిపోతుంది.